బి.ఏ. చదువు దేనికి?

దాళ్వా కోతలు ముగిసి ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడు దినములలో మన పల్లెలలో ప్రతి యేడును ఒక ప్రశ్న వినబడుచుండును. “మావాణ్ణి బి.ఏ.లో చేర్పించమంటారా మాస్టారూ? అది చదివితే ఏమొస్తుందండీ?” ఆరాధన ముగిసి, గుమ్మము దగ్గర చెప్పులు వెదకుకొనుచు ఈ మాట నన్ను అడిగినవారు అనేకులు. ఇంజనీరింగు సంగతి ఎవరును అట్లు అడుగరు. 2015లో తాడేపల్లిగూడెమునకు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చినది మొదలు ఆ పేరు మన పిల్లల నోట నానుచున్నది. అది మంచిదే. వంతెనలు కట్టువారు మనకు కావలెను. అయితే చరిత్ర, ఆర్థికశాస్త్రము, రాజనీతి, తెలుగు చదివినవారితో మనకేమి పని? నా బ్రదుకులో చూచిన రెండు మూడు సంగతులు చెప్పి ఈ ప్రశ్నకు జవాబిచ్చెదను.

నేను కొల్లేటి లంకలో పుట్టినవాడను. మా నాయన తాటిదోనె మీద పోయి వలలు వేసి మమ్మును పోషించెను. 1973లో నేను ఏలూరు సర్ సి.ఆర్. రెడ్డి కళాశాలలో బి.ఏ. తరగతిలో చేరితిని. ఆ కళాశాల 1945లో స్థాపింపబడినది. అంతకు ముందు మన ప్రాంతపు పిల్లలు పై చదువులకు బందరు నోబుల్ కళాశాలకో, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలకో, రాజమహేంద్రవరమునకో పోవలసి వచ్చెడిది. కళాశాలకు ఎవరి పేరు పెట్టిరో ఆ కట్టమంచి రామలింగారెడ్డిగారు 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి వైస్ ఛాన్సలరు. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉన్నప్పుడే, చెరువు కట్ట తెగి ఊరు మునిగిపోకుండ తన ప్రాణమిచ్చిన ఒక పల్లెటూరి కోడలి కథను ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా వ్రాసిరి. నీటి నడుమ పెరిగిన నేను దానిని చదివినప్పుడు, మావంటివారి కష్టము గూడ గ్రంథమునకు తగినదేయని మొదటిసారి తెలిసికొంటిని.

మా లంకలో వానకాలమున నీరు గడప దాటి లోనికి వచ్చినప్పుడు పెద్దలు “కొల్లేరు పొంగింది” అని మంచములు ఎత్తుకొనెడివారు. ఎందుకు పొంగినదని అడుగుట మాకు అలవాటు లేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు ముగిసిన సంగతి నేను చరిత్ర తరగతిలో చదివితిని. గోదావరి నీరు తాడేపల్లిగూడెము మీదుగాను, కృష్ణ నీరు బెజవాడ నుండియు వచ్చి ఏలూరులో కలిసికొనుచున్నవి. కాలువ పారినంత మేర పొలములు పండినవి. ఆ పొలముల మురుగు నీరును, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చు వాన నీరును కొల్లేటిలోనే పడుచున్నవి. ఇన్ని దారుల వచ్చు నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. మా గడప తడియుటకు కారణము కలదనియు, కారణము కలదు గనుక దానిని గూర్చి అడుగవచ్చుననియు నాకు ఆ తరగతిలో బోధపడినది. బి.ఏ. చదువు నాకిచ్చిన మొదటి ఫలము ఇదియే.

రెండవది చెప్పెదను. నేను పట్టము పుచ్చుకొని తాడేపల్లిగూడెము దగ్గర ఒక ఊరిలో ఉపాధ్యాయుడనైతిని. 1976 మొదలు ప్రభుత్వము కొల్లేటిలో సహకార సంఘములకు చేపల చెరువులు ఏర్పాటు చేసెను. కొన్ని యేండ్లకు వెలుపలి వ్యాపారులు వాటిని కౌలునకు అడుగసాగిరి. 1985 వేసవి సెలవులకు నేను ఇంటికి వచ్చియుండగా అట్టి వ్యాపారి ఒకరు స్టాంపు కాగితముతో మా రచ్చబండ దగ్గరకు వచ్చిరి. కౌలు మూడు సంవత్సరములని మాట అయినది. “ఇంక చదివేదేముంది బాబూ, వేలిముద్రలు వేసెయ్యడమే” అని ఒక పెద్ద అనెను. నేను ఆ కాగితము అడిగి తీసికొని బిగ్గరగా చదివితిని. గడువు ముగిసిన తరువాత కౌలుదారు ఇష్టముపై, అదే కౌలునకు, మరి మూడు సంవత్సరములు సాగునని అందులో ఒక వాక్యముండెను.

“కౌలుదారు ఇష్టమంటే ఎవరిష్టం రా?” అని మా పెదనాన్న అడిగెను.

“మీది కాదు పెదనాన్నా, ఆయనది.”

ఆయన సిరా పెట్టె మూత వేసెను. ఆ వాక్యము తీసివేయుటకు వ్యాపారి కౌలులో కొంత తగ్గించెను. అందుచేత నా మీద కోపగించుకొన్నవారును కలరు. నన్ను పిలిచి అన్నము పెట్టినవారును కలరు. ఆ కాగితములో కఠినమైన మాట ఒక్కటియు లేదు. తెలుగు చదువ వచ్చిన పిల్లవాడెవడైనను దానిని చదువగలడు. అయితే ఒక వాక్యము దగ్గర ఆగి, ఇది ఎవరికి మేలు, ఎవరికి కీడు అని ఆలోచించుట మూడేండ్లు పాఠములు చదువగా అలవడిన గుణము.

1999లో ప్రభుత్వము ఉత్తర్వు సంఖ్య 120 ద్వారా కొల్లేటిని అయిదవ కాంటూరు వరకు, అనగా 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యముగా ప్రకటించెను. 2006లో చెరువుల గట్లు పగులగొట్టిరి. ఏ చదువును ఆ గట్లను నిలుపలేదు. నిలుపవలసినదనియు నేననను, సరస్సునకును ఊపిరి ఆడవలెను గదా. అయితే ఆ దినములలో జిరాయితీ భూమి ఏది, ప్రభుత్వ భూమి ఏది, ఎవరు ఏమి అడుగవచ్చును అని ఉత్తర్వు చదివి చెప్పువారు ఉన్నచోట జనులు కూర్చుండి అర్జీలు వ్రాసికొనిరి. లేనిచోట పుకార్లు నమ్మి, రాత్రులు నిద్రలేక భయపడిరి. ఈ రెండు విధములును నేను కన్నులార చూచితిని.

బి.ఏ. ఒక్కటే కూడు పెట్టునని నేను చెప్పను. ఆ మాట చెప్పి బిడ్డలను మోసపుచ్చరాదు. దాని తరువాత బి.ఇడి. చేసి ఉపాధ్యాయులు కావచ్చును, న్యాయశాస్త్రము చదువవచ్చును, ప్రభుత్వోద్యోగముల పోటీ పరీక్షలు వ్రాయవచ్చును. వీటిలో దేనికైనను కష్టపడవలెను. పరీక్షకు వారము ముందు గైడు కొని బట్టీ పట్టినవానికి పట్టము చేతికి వచ్చును గాని చదువు రాదు. ఆడపిల్లల విషయమైతే, ఏలూరులో సెయింట్ థెరిసా కళాశాల 1953లోనే వారి కొరకు తెరవబడినది. ఆమెను దూరము పంపలేమను సాకు మన ప్రాంతమున ఏనాడో చెల్లిపోయినది.

దానియేలును అతని స్నేహితులును బబులోను రాజు నగరిలో పరదేశపు భాషయు విద్యయు నేర్చిరని మనమెరుగుదుము. వారు తమవారిని మరువలేదు. అదియే గదా మన బిడ్డల విషయములోను మనము చూడవలసినది.

కాబట్టి సంఘ పెద్దలారా, మీ ఊరిలో బి.ఏ. చదువుచున్న పిల్ల గాని పిల్లవాడు గాని యున్నయెడల, “అది చదివితే ఏమొస్తుంది?” అని అడుగుట మానుడి. వారిని పిలిచి మీ భూమి పట్టా, బ్యాంకు అప్పు కాగితము, సొసైటీ నోటీసు చేతికిచ్చి నిదానముగా చదివించుకొనుడి. తెలియని మాట వచ్చినచోట ఆపి అర్థమడుగుడి. వారికి తెలియనిచో తెలిసికొని రమ్మని పంపుడి. వారి చదువు అట్లు గట్టిపడును, మీకును మేలు కలుగును.