సీటు కుట్టినోడు

కొత్త మోటారుసైకిలుకి షోరూములో బిగించమన్నవి మూడే. వెనక చక్రానికి శారీ గార్డు, అమ్మ కుదురుగా కూచునేందుకు వెడల్పాటి సీటు, ట్యాంకు మీద నీలంరంగుతో జై భీమ్. బయట ఎవరిచేతన్నా విప్పిస్తే గ్యారంటీ పోద్దన్నారు. సరే, మీరే చెయ్యండన్నాను.

శారీ గార్డుకి వేరే డబ్బులడిగారు. వెనక కూచున్న మనిషి బట్టలు చిక్కకుండా చక్రాన్ని సగమన్నా కప్పాలని 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్సులో 123వ రూలే ఉంది. చట్టం ఇమ్మన్నది కూడా మన దగ్గరికొచ్చేసరికి ఎక్స్‌ట్రా!

జై భీమ్ దగ్గర మాత్రం సూపర్‌వైజరుకి చట్టం గుర్తొచ్చింది. "కంపెనీ ఇచ్చినట్టే ఉండాలండీ, మార్చకూడదు." 1988 చట్టంలో 52వ సెక్షన్ నేనూ చదివాను. రిజిస్ట్రేషన్ వివరాలకి తేడా వచ్చేట్టు బండిని మార్చొద్దంటుంది. రెండు మాటలకి ఏ వివరం మారుద్ది? పక్కనే డెలివరీకి నిలబెట్టిన బండి ట్యాంకు మీద ఓ పెద్దకులం పేరు మెరుస్తా ఉంది.

సీటు వాళ్లు కుట్టరు. వెనకసందులో రేకులషెడ్డుకి పంపారు. వెంట పోయాను. కుట్టేది మావాడే. ఆరె పట్టిన తీరు చూడగానే మా నాయన గుర్తొచ్చాడు. ఊరందరికీ చెప్పులు కుట్టిన నాయన పెద్దబజార్లో తన చెప్పులు చేతబట్టుకుని నడిచేవాడు. బిల్లులో సీటుకి 2,400 రాశారు. ఇతని చేతికొచ్చేది 400.

"ఏవూరన్నా మనది?" అన్నాడు. చెప్పాను. ట్యాంకు సంగతీ చెప్పాను. నవ్వి, సూదికి నీలం దారం ఎక్కించి సీటు వెనకవైపు జై భీమ్ కుట్టాడు. దానికి డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

బండి ఇచ్చేటప్పుడు సూపర్‌వైజరు సీటు కేసి చూశాడు. ఏమీ అనలేదు. బిల్లు తీసుకుని దాని మీద రాశాడు: బయటిపని, గ్యారంటీ లేదు.