ఈ బొమ్మ మనల్ని ఎలా పిలుస్తోంది?

పైన పటారం, లోన లొటారం. పైపై మెరుగుల్ని నమ్మొద్దని పిల్లలకు చెప్పడానికి మనకు ఈ ఒక్క సామెత చాలు. అయితే ఆ పటారాన్ని ఎవరు తయారుచేస్తారో, ఎలా తయారుచేస్తారో మాత్రం చెప్పం. ఇరవై ఏళ్లుగా నా బతుకుదెరువు అదే. విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ ఆపరేటర్‌గా మొదలుపెట్టి, ఇప్పుడు పుస్తకాలకు, పత్రికలకు కవర్ పేజీలు చేస్తున్నాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ టర్మ్ ఇంగ్లిష్ ప్రాజెక్టుకు ఇచ్చిన అంశాల్లో 'సంగీత పత్రికల ముఖచిత్రాలు పాఠకులను ఎలా ఆకర్షిస్తాయి' అన్నది ఒకటి. పాటలంటే ఇష్టం కాబట్టి తను అదే ఎంచుకుంది. "నాన్నా, నీ పనే కదా, కాస్త చెప్పు" అంది. రెండు ఆదివారాలు ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని అమెరికా, బ్రిటన్ పత్రికల పాత కవర్లు చూశాం. మన పిల్లల ఫోన్లలో రోజుకు వందసార్లు రెప్పపాటులో జరిగిపోయే పని ఆ కవర్ల మీద కదలకుండా నిలబడి కనిపించింది. అందుకే తోటి తల్లిదండ్రులతో పంచుకోవాలనిపించింది.

ముందు బుక్ స్టాల్ సంగతి. పత్రికల్ని ఒకదాని మీద ఒకటి కాస్త జరిపి పేరుస్తారు కాబట్టి చాలాసార్లు ఎడమ అంచు ఒక్కటే బయటికి కనిపిస్తుంది. అందుకే ముఖ్యమైన పేర్లు, హెడ్డింగులు ఎడమవైపు మూడో వంతులో పెట్టడం అలవాటైంది. ఇక పత్రిక పేరు. 1986లో బ్రిటన్‌లో మొదలై 2020లో అచ్చు ఆగిపోయిన 'క్యూ' పత్రికకు ఎర్రటి చతురస్రంలో తెల్లటి ఒక్క అక్షరమే గుర్తుగా ఉండేది. దారిన పోయేవాడికి కూడా కనిపించేది. 1981లో వచ్చిన రాక్ సంగీత పత్రిక 'కెరాంగ్'కు ఆ పేరే ఎలక్ట్రిక్ గిటార్ తీగల్ని బలంగా మీటితే వచ్చే చప్పుడు. అక్షరాలు పగిలిన అద్దంలా బీటలు వారి ఉంటాయి. చదవకముందే మోత వినిపిస్తుంది.

"ఇక్కడ గాయకుడి తల పత్రిక పేరుని కప్పేసింది. తప్పు కదా నాన్నా?" అని అడిగింది. తప్పు కాదు తల్లీ, ధీమా. సగం పేరు కనిపించినా పాఠకుడు గుర్తుపడతాడన్న నమ్మకం. ఆ తల మనకు దగ్గరగా ముందుకొచ్చినట్టు కూడా ఉంటుంది. కళ్లు నేరుగా కెమెరాలోకి చూస్తే, మనం ఎటు జరిగినా మనల్నే చూస్తున్నట్టుంటుంది. ఎవరైనా అలా చూస్తే మనమూ తిరిగి చూడకుండా ఉండలేం. ఆ ఒక్క క్షణం కోసమే ఇంత ఏర్పాటూ.

తర్వాత మూడు కవర్లు పక్కపక్కన పెట్టాం. మూడూ 'రోలింగ్ స్టోన్' పత్రికవే. శాన్ ఫ్రాన్సిస్కోలో 1967 నవంబరులో వచ్చిన మొదటి సంచిక మీద జాన్ లెనన్ ఉన్నాడు. చేతిలో గిటార్ లేదు, తల మీద సైనికుడి హెల్మెట్ ఉంది. ఒక సినిమాలో అతను వేసిన వేషం అది. ఇది పాటల పత్రికే కానీ పాటల దగ్గర ఆగిపోదు అని ఆ ఒక్క ఫోటో చెప్పింది.

రెండోది 1981 జనవరి 22 సంచిక. భార్య యోకో ఓనోను లెనన్ చంటిపిల్లాడిలా ముడుచుకుని పట్టుకున్న ఫోటో. ఆనీ లీబోవిట్జ్ ఆ ఫోటో తీసిన రోజు 1980 డిసెంబరు 8. ఆ రాత్రే లెనన్‌ను కాల్చి చంపారు. కవర్ మీద పత్రిక పేరు తప్ప ఒక్క హెడ్డింగు లేదు. రంగురంగుల అక్షరాలతో నింపాల్సిన చోట మౌనం పెట్టారు. 2005లో అమెరికా పత్రికా సంపాదకుల సంఘం గత నలభై ఏళ్ల ముఖచిత్రాల్లో దీన్నే మొదటి స్థానానికి ఎంపిక చేసింది. "ఏమీ రాయకపోవడం కూడా డిజైనేనా?" అంది మా అమ్మాయి. అవును, అన్నిటికన్నా కష్టమైన డిజైన్ అదే.

మూడోది 2013 ఆగస్టు 1 సంచిక. ఆ ఏడాది ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలి ముగ్గురు చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. అందులో నిందితుడైన యువకుడి ఫోటోను కవర్ మీద వేశారు. చెదిరిన జుట్టు, మెత్తటి చూపు. అతను తనకు తానే తీసుకున్న ఫోటో అది. అంతకుముందు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో అదే ఫోటో వచ్చినప్పుడు ఇంత గొడవ జరగలేదు. ఇక్కడ మాత్రం జనం మండిపడ్డారు. బోస్టన్ మేయర్ నిరసనగా ఉత్తరం రాశారు. కొన్ని పెద్ద దుకాణాల సంస్థలు ఆ సంచికను అమ్మబోమన్నాయి. కారణం, ఏళ్లుగా ఆ చోటు పాటగాళ్లది, తారలది. అక్కడ ఎవరిని కూర్చోబెట్టినా తారలాగే కనిపిస్తారు. విచిత్రమేమిటంటే కవర్ మీది అక్షరాలు అతన్ని రాక్షసుడనే అన్నాయి. అక్షరాలు ఒకటి చెప్పాయి, బొమ్మ ఇంకొకటి చెప్పింది. జనానికి బొమ్మ మాటే వినిపించింది.

ప్రాజెక్టు అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ మా అమ్మాయి అడగాల్సిన అసలు ప్రశ్న అప్పుడు అడిగింది. "నాన్నా, వీళ్లలో ఒక్కళ్లకీ మొటిమలు ఉండవెందుకు?"

తనకు పద్నాలుగేళ్లు. ఏడాదిగా నుదుటి మీద, బుగ్గల మీద మొటిమలు. ఫిల్టర్ లేకుండా ఫోటో దిగడం లేదు. పెళ్లిళ్లలో అందరూ ఫోటోకి నిలబడితే తను వెనక వరసలోకి వెళ్లిపోతోంది. వాళ్లమ్మ ఎన్నోసార్లు చెప్పింది, "నువ్వు బాగానే ఉన్నావే" అని. ఆ మాట అమ్మ చెబితే లెక్కలోకి రాదు కదా.

నేను జవాబు చెప్పలేదు. ఫోటోషాప్ తెరిచి నా ఫోటోనే పెట్టాను. కళ్ల కింద నలుపు తీసేశాను. నుదుటి గీతలు చెరిపాను. దవడ కొద్దిగా సన్నం చేశాను. పళ్లు తెల్లబరిచాను. ప్రతి మార్పుకూ ముందు, తర్వాత ఎలా ఉందో చూపించాను. పావుగంటలో తెర మీద నలభై ఆరేళ్ల మనిషి పోయి ఎవరో కొత్త మనిషి వచ్చాడు. తను పడీపడీ నవ్వి, కాసేపటికి నవ్వాపి, "అంటే వీళ్లు కూడా పొద్దున్నే అద్దంలో ఇలా ఉండరన్నమాట" అంది. ఉండరమ్మా. మేకప్ వేసేవాళ్లు, లైట్లు పెట్టేవాళ్లు, వందల ఫోటోల్లోంచి ఒకటి ఎంచేవాళ్లు, చివర్లో నాలాంటివాళ్లు. ఆ మొహం వెనక ఒక జట్టు ఉంటుంది.

దాంతో ఫిల్టర్ మానేసిందని చెప్పను. అంత సులువు కాదు. కానీ ప్రాజెక్టులో ఒక పేజీ అదనంగా, 'కవర్ మీద కనిపించనివి' అని తనే రాసుకుంది. మొన్న మా బంధువుల గృహప్రవేశంలో ముందు వరసలో నిలబడింది. ఎవరం ఏమీ అనలేదు.

ఫోన్ లాక్కోవడం వల్ల పిల్లలకు చూడటం రాదు. మీరూ ఒక ఆదివారం పావుగంట ప్రయత్నించండి. పత్రిక కవరో, వీడియో మీది చిన్న బొమ్మో, సినిమా పోస్టరో, రోజూ స్కూల్ బస్సులోంచి కనిపించే ర్యాంకుల హోర్డింగో, ఏదైనా సరే. నాలుగు ప్రశ్నలు అడగండి. నీ కన్ను ముందు ఎక్కడికి వెళ్లింది? ఏది పెద్దదిగా పెట్టారు, ఏది చిన్నదిగా పెట్టారు? అక్షరాలూ బొమ్మా ఒకే మాట చెబుతున్నాయా? ఏం తీసేసి ఉంటారు?

జవాబులు మనకు తెలియక్కర్లేదు. వాళ్లు చెబుతుంటే వినడానికి పక్కన కూర్చుంటే చాలు.