99.9 శాతానికి ఆడిట్

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళు ఉన్నారు. ఇప్పుడు షుగరు జబ్బూ ఉంది, దానితో మానని కాలి పుండ్లూ ఉన్నాయి. వీటికి వెండి కలిపిన హైడ్రోజెల్ వాడేవాళ్ళు కనిపిస్తున్నారు. "99.9 శాతం క్రిములను చంపుతుంది" అన్న మాట వినగానే అందరికీ ధైర్యం వచ్చేస్తుంది. ఎనభై దాటిన మా పక్కింటి పిన్నిగారు అననే అన్నారు: "వెండే కదా బాబూ, పసిపిల్లలకి ఉగ్గు పెట్టే గిన్నె కూడా వెండిదే. హాని ఏటుంటాది?"

నేను డాక్టర్ని కాను. బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల్లో వోచర్లు చూసి రిటైరైనవాణ్ణి. అంకె కనిపిస్తే ఆధారం అడగడం అలవాటు. అదే ఇక్కడా అడుగుదాం.

పది లక్షల బాక్టీరియాలో 99.9 శాతం చస్తే వెయ్యి మిగులుతాయి. అన్నీ అనుకూలిస్తే కొన్ని బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. పదిసార్లు రెట్టింపైతే 1024 రెట్లు. అంటే 200 నిమిషాల్లో మళ్ళీ పది లక్షలు! చక్రవడ్డీ కట్టినవాళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఏ బాక్టీరియా మీద, ఎంతసేపు, ఎక్కడ పరీక్షించారు అన్నది ముఖ్యం. ల్యాబు పళ్ళెం వేరు, పుండు వేరు. పుండు రసిలోని ప్రోటీన్లూ క్లోరైడూ వెండి అయాన్లను పట్టేసుకుంటాయి.

ఇక రెండో ప్రశ్న. క్రిముల్ని చంపేది మనల్ని ఎందుకు వదిలిపెట్టాలి?

హైడ్రోజెల్ అంటే నీటిని పట్టి ఉంచే పాలిమర్ వల. చెకొస్లొవేకియాలో విక్టర్లే, లిమ్ అనే శాస్త్రవేత్తలు 1960లో దీన్ని వైద్యానికి పనికొచ్చేదిగా ప్రకటించారు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు అందులోంచే వచ్చాయి. నీళ్ళు పట్టే వల సాధువే. చంపే గుణం వెండి నుంచో, ధనావేశం ఉన్న పాలిమర్ల నుంచో వస్తుంది. బాక్టీరియా పైపొరకి రుణావేశం ఎక్కువ గనుక ఈ పాలిమర్లు దానికి అంటుకుని చీల్చేస్తాయి. మన కణాలకీ పొర ఉంది. ఆవేశంలో తేడా ఉంది గానీ అది అడ్డుగోడ కాదు. మోతాదు మించితే పుండు మాన్పాల్సిన కణాలూ చస్తాయి. ఉగ్గుగిన్నెలో వెండి గిన్నెలోనే ఉంటుంది, జెల్‌లో వెండి పుండులోకి దిగుతుంది. తేడా అదీ.

అందుకే ఐఎస్‌వో 10993 అనే పరీక్షల వరస ఉంది. జెల్‌ని ద్రవంలో, సాధారణంగా 37 డిగ్రీల దగ్గర, నానబెట్టి ఆ ద్రవాన్ని ఎలుక కణాల మీద వేస్తారు. బతికినవి 70 శాతం కన్నా తగ్గితే విషప్రభావం ఉన్నట్టు లెక్క. తర్వాత చర్మపు మంట, ఎలర్జీ, ఒంటి మొత్తం మీద ప్రభావం చూస్తారు. వెండి కట్లు ఈ మొదటి మెట్టు మీదే తడబడడం కద్దు. అంతమాత్రాన పారెయ్యరు, లాభనష్టాలు పక్కపక్కన వేసి చూస్తారు. జెల్ తయారీలో మిగిలిపోయిన ముడిసరుకూ చూడాలి. పాలీఎక్రిలమైడ్ సాధువే అనుకున్నా, మిగిలిన ఎక్రిలమైడ్ నరాలకు విషం. అందానికని ఒంట్లోకి ఎక్కించే ఇలాంటి జెల్‌ని చైనా 2006లో నిషేధించింది.

ఇంత తతంగం అవసరమా అనేవాళ్ళకి మా జిల్లా సంగతే చెబుతాను. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ దగ్గర కుటుంబ నియంత్రణ శిబిరంలో కొద్ది గంటల్లో 83 మంది ఆడవాళ్ళకు ఆపరేషన్లు చేశారు. 13 మంది చనిపోయారు. తర్వాత ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రల్లో ఎలుకల మందు కలిసిందని అధికారులు అన్నారు. శిబిరంలో శుభ్రత లేకపోవడమే కారణమని ఇంకొందరన్నారు. వాదన ఎటు తేలినా, ఆ మాత్రల మీద పరీక్ష జరిగింది శవాలు లేచాకే. మా ఖాతాల భాషలో దాన్ని పోస్ట్ ఆడిట్ అంటారు. డబ్బు పోతే అది రికవరీకి పనికొస్తుంది. ప్రాణానికి రికవరీ లేదు, ప్రీ ఆడిట్ ఒక్కటే దారి.

మన దేశంలో వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రమాదాన్ని బట్టి ఏ, బి, సి, డి తరగతులు చేశారు. కనక మిత్రులారా, జెల్ కొనేముందు డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. ఎన్నాళ్ళు వాడాలో, ఎప్పుడు ఆపాలో డాక్టర్ని అడగండి. "సహజమైనది", "వెండిది" అన్న మాటలు వోచర్లు కావు.