పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా

నాంపల్లి స్టేషన్‌లో దిగిన యాత్రికుడు ఆటో ఎక్కి చార్మినార్ అంటాడు. దారిలో నయాపూల్ మీద ముక్కు మూసుకుని మూసీని దాటేస్తాడు. అలా దాటిపోవలసిన నది కాదిది. పొద్దున్నే, ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు లేవకముందే బయల్దేరి, మొజంజాహీ మార్కెట్ మీదుగా బేగంబజార్ సందుల్లో పడి నడిస్తే పురానాపూల్ దగ్గర తేలతాం.

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో కట్టించిన వంతెన ఇది. వయసులో చార్మినార్ కంటే పెద్దది. ముందు వంతెన వచ్చింది, తర్వాతే ఊరు వచ్చింది. ఇప్పుడు దీని మీద కూరగాయలు అమ్ముతున్నారు. కమానుల కింద నల్లటి నీళ్లు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీకి ఈ నలుపు నగరం పెట్టిందే. వాసన ఉంటుంది, దాచను. అయినా ఆ వేళకి హారన్ల మోత ఇంకా మొదలవదు, కొంగలు కనిపిస్తాయి.

గట్టు వెంట దారి అన్నిచోట్లా లేదు, మధ్యమధ్య రోడ్డెక్కాలి. ముస్లింజంగ్ పూల్ దాటి అఫ్జల్‌గంజ్ చేరాక ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర తప్పక ఆగాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరి మీద పడింది. దాదాపు 15 వేలమంది పోయారంటారు. ఈ చెట్టెక్కి 150 మంది దాకా బతికారు. చార్మినార్‌కి వచ్చే జనంలో పదోవంతైనా ఈ చెట్టు కిందికి రావాలని నా కోరిక.

ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నది అదుపులోకి వచ్చిందన్న ధైర్యంతో గట్ల మీద గొప్ప కట్టడాలు లేచాయి: ఇటు ఆసుపత్రి, అసఫియా గ్రంథాలయం, అటు హైకోర్టు, సిటీ కాలేజీ. నది ఒడ్డున ఇంత అందంగా కట్టిన ఊరు, ఆ నదిలోకే మురుగు వదలడం నాకు మింగుడుపడదు. కోట్ల ఖర్చుతో నదీతీరాన్ని మారుస్తామంటున్నారు. ముందు మురుగు ఆపి, పురానాపూల్, చాదర్‌ఘాట్ వంతెనల మధ్య నీడ ఉన్న కాలిబాట ఒక్కటి వేస్తే నాలాంటి వాళ్లకి చాలు.

నయాపూల్ దిగువన ఇమ్లీబన్ బస్టాండు నది మధ్యలోనే ఉంది. 2025 సెప్టెంబర్‌లో జంట జలాశయాల గేట్లెత్తితే నీళ్లు లోపలికొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. మూసీ తన చోటు మరచిపోలేదు.

చాదర్‌ఘాట్ దగ్గర నడక ముగించి కోఠీ వైపు మళ్లితే, బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ వస్తుంది. అది ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. మూసీ మాత్రం అంబర్‌పేట మీదుగా నల్లగొండ వైపు సాగుతుంది. మనం వదిలిన నీళ్లతోనే దిగువ రైతులు గడ్డి, వరి పెంచుతారు. వాడపల్లి దగ్గర ఆ నీళ్లు కృష్ణలో కలుస్తాయి.