మిద్దె పగిలేది ఎండకే

మిద్దె కారితే మా సీమలో ‘ఉరుస్తాంది’ అంటాం. ఉరిసేది వానకే, కానీ పగిలేది ఎండకే. ఈ మాట మా జేజిది. ఇంజనీరింగులో చేరాక దానికి లెక్క దొరికింది.

జమ్మలమడుగు దగ్గర జేజి ఇంటి పైకప్పు కడప బండలు. బండల మధ్య సందుల్లో సిమెంటు. మే నెల మధ్యాహ్నం ఆ మిద్దె మీద కాలు పెట్టలేం, తెల్లారేసరికి అదే బండ చల్లబడి ఉంటుంది. పగటికీ రాత్రికీ 30 డిగ్రీల తేడా, డిగ్రీకి మీటరుకు 0.008 మిల్లీమీటర్ల వ్యాకోచం అనుకుంటే, ఐదు మీటర్ల కప్పు రోజూ 1.2 మిల్లీమీటర్లు కదులుతుంది. సిమెంటు సాగదు. సందు అంచున వెంట్రుకంత చీలిక వస్తుంది.

పాత మట్టి మిద్దెల పద్ధతి వేరు. వానలకు ముందు వాటి మీద చౌడు మట్టి పరిచేవాళ్లు. చౌడులో సోడియం ఎక్కువ. తడిస్తే బంకమట్టి రేణువులు విడిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి, నీళ్లు కిందికి దిగవు. చేన్లో పంటను చంపే గుణమే ఇంటిని కాపాడేది. కాకపోతే ఏటేటా పోసే మట్టి బరువంతా దంతెల మీదే.

పోయిన వేసవిలో నాయనా నేనూ బిందెలతో మిద్దె ఎక్కినాం. పల్లం వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో సందు మీదా నీళ్లు పోస్తూ పైకి వచ్చినాం. ముందే ఎగువన పోస్తే నీళ్లు అన్ని సందుల మీదా పారి, ఉరిసేది ఏదో తెలీదు. లోపల నుంచి జేజి “ఈడ ఉరుస్తాందిరా” అని కేకేసింది. ఆమె చూపించిన చోటికి రెండు బండల అవతల చీలిక దొరికింది.

పాత సిమెంటు మీదే కొత్తది పూస్తే మళ్లీ మేలో పగులుతుంది. అందుకే ఉలితో పాతది తీసి, దుమ్మంతా బ్రష్షుతో ఊడ్చి, బాగా ఆరినాక సాగే గుణమున్న పాలియురెథేన్ సీలెంట్ నింపినాం.

చుక్క కారితే ఏమైతాదిలే అనుకుంటాం. ఆ చుక్క గోడలో దూరిన దంతె కొనకు చేరితే అక్కడ గాలి ఆడదు, తడి ఆరదు, కర్ర లోలోపలే పుచ్చిపోతుంది. ఆ దంతె కిందే జేజి మంచం.

కరువు సీమకు వానలెక్కడివి అనకండి. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది మా జిల్లాలోనే. ఈసారి సెలవుల్లో ఊరికి పోతే ఒక బిందె నీళ్లతో మిద్దె ఎక్కి చూడండి. వాన మొదలైతే సందులు ఆరవు, సీలెంట్ పట్టుకోదు.