నిషేధం తర్వాత పిల్లల సంగతి

2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి ప్రభుత్వం పీచు మిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. ఆహార భద్రతా అధికారులు సేకరించిన నమూనాలలో రోడమిన్-బి అనే రసాయనం కనిపించింది. అది బట్టలకు వేసే రంగు. నాటి లెఫ్టినెంట్ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ స్వయంగా ఒక వీడియోలో ఈ సంగతి ప్రకటించి, పిల్లలకు దానిని కొనిపెట్టవద్దని తల్లిదండ్రులను కోరారు. అప్పటికి ఆమె తెలంగాణకూ గవర్నరే. కొద్ది రోజులకే తమిళనాడు కూడా పుదుచ్చేరి బాట పట్టింది.

నిర్ణయం సరైనదే. దానిని తప్పుపట్టేవారు ఎవరూ ఉండరు. కానీ నిషేధం రేపటి పిల్లలను మాత్రమే కాపాడుతుంది. నిన్నటిదాకా ఆ సరుకు కొన్న ఇంట్లో ఎవరికైనా హాని జరిగి ఉంటే, దానికి జవాబు చెప్పవలసిన వారెవరన్న ప్రశ్నను అది తాకనైనా తాకదు. మన రాజకీయ వ్యవస్థ పిల్లల భద్రత విషయంలో సరిగ్గా ఇక్కడే ఆగిపోతోంది.

పుదుచ్చేరి నుంచి దక్షిణంగా కడలూరు వెళ్లే రోడ్డు మీద కిరుమాంబాక్కం ఉంది. పారిశ్రామిక వాడ, వైద్య కళాశాల, చుట్టూ పల్లెలు. అక్కడ కూలిపని చేసుకునే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. రెండు వందలు పెట్టి కొన్న వెలుగుల బొమ్మ మూత ఊడింది. లోపలి బిళ్ల బ్యాటరీని మూడేళ్ల పాప మింగింది. అలాంటి బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కండరాన్ని కాల్చివేయగలదు. సమయానికి వైద్యం అంది పాప బతికింది; అప్పు మిగిలింది. తండ్రి దుకాణానికి వెళ్లి నిలదీస్తే, ‘నేను తయారు చేశానా?’ అన్నది జవాబు. డబ్బా మీద తయారీదారు పేరు లేదు. ఇంటికి వచ్చినవారంతా తల్లినే అడుగుతారు, ‘పిల్లను చూసుకోవద్దా?’ అని.

ఈ మూడు మాటలకూ చట్టం దగ్గర సమాధానం ఉంది. 2020 జులైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ‘ఉత్పత్తి బాధ్యత’ పేరుతో ఒక అధ్యాయాన్నే కేటాయించింది. వస్తువు తయారీలో గానీ రూపకల్పనలో గానీ లోపం ఉన్నా, తగిన హెచ్చరికలు లేకపోయినా, దానివల్ల కలిగిన శారీరక హానికి తయారీదారు పరిహారం చెల్లించాలి. ఆ గాయంతో ముడిపడిన మానసిక వేదన కూడా హాని కిందికే వస్తుంది. తయారీదారు ఎవరో తెలియనప్పుడు ఆ బాధ్యత అమ్మినవాడి మీద పడుతుందని 86వ సెక్షన్ చెబుతోంది. ‘నేను తయారు చేశానా?’ అన్న ఎదురు ప్రశ్న అక్కడితో చెల్లదు.

ఇక తల్లి మీద మోపిన నింద. వస్తువును దుర్వినియోగం చేస్తే బాధ్యత ఉండదని అదే చట్టంలోని 87వ సెక్షన్ అంటుంది. కంపెనీల న్యాయవాదులు మొదట పట్టుకునేది దానినే. అయితే పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకోవడం, నేలకేసి కొట్టడం దుర్వినియోగం అవుతుందా? బొమ్మల భద్రతకు సంబంధించిన భారతీయ ప్రమాణాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. పిల్లలు ఎలా వాడతారో ముందే ఊహించి, ఆ మొరటు వాడకానికి కూడా బొమ్మ తట్టుకుంటుందో లేదో పరీక్షించాలి. చిన్న బ్యాటరీ ఉండే అర పనిముట్టు లేకుండా తెరుచుకోకూడదు. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మను అమ్మడమే నేరం. హస్తకళాకారులుగా నమోదైనవారి బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక, కొండపల్లి వంటి బొమ్మలకు మాత్రమే మినహాయింపు ఉంది. కాబట్టి మూత ఊడిన బొమ్మ విషయంలో తప్పు తల్లి పెంపకానిది కాదు, సరుకుది.

కేసు వేయడం కూడా పాతకాలమంత కష్టం కాదు. బొమ్మ కొన్నది తండ్రే అయినా, దానిని వాడిన పాప కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. మైనరు కాబట్టి తల్లి గానీ తండ్రి గానీ ఫిర్యాదు చేయవచ్చు. తాము నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు; రెండేళ్లలోగా వేయాలి. కమిషన్ స్థాయిని నిర్ణయించేది కోరిన పరిహారం కాదు, వస్తువుకు చెల్లించిన ధర. ఆ ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. సరుకును ప్రయోగశాలకు పంపవలసి వస్తే ఐదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది. హాని చేసింది తినుబండారమైతే 2006 నాటి ఆహార భద్రతా చట్టం మరో దారి చూపుతుంది: మరణానికి కనీసం 5 లక్షలు, తీవ్ర గాయానికి 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు పరిహారం.

కాగితం మీద ఇంత ఉన్నా ఆ కుటుంబం కమిషన్ మెట్లు ఎందుకు ఎక్కదు? రెండు వందల బొమ్మకు రసీదు ఉండదు. విరిగిన బొమ్మను కోపంలో పారేస్తారు. డబ్బా చెత్తలో కలుస్తుంది. ఆసుపత్రి కాగితాల్లో ‘బ్యాటరీ మింగింది’ అని ఉంటుంది తప్ప ఏ బొమ్మలోదో ఉండదు. ఆ ముక్కలను దాచి, ఫొటో తీసి, డబ్బు చెల్లించిన ఫోన్ సందేశాన్ని భద్రపరిస్తే సగం కేసు చేతిలో ఉన్నట్టే. కానీ బిడ్డను మంచం మీద పెట్టుకున్న తల్లిదండ్రులకు అంత తెలివిడి ఉండాలని ఆశించడం ఏ న్యాయం?

అందుకే చట్టసభ మరో మాట కూడా రాసింది. అదే చట్టం 35వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కూడా వినియోగదారుల తరఫున ఫిర్యాదు వేయవచ్చు. నమూనాలు తీసే అధికారులు, ప్రయోగశాలలు, న్యాయాధికారులు ఉన్నది వారికే. ఈ అధికారం 1986 నాటి పాత చట్టంలోనూ ఉంది. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఎవరూ దానిని ముట్టుకోలేదు. మొదటిసారి 2015లో మ్యాగీ నూడుల్స్ వ్యవహారంలో కేంద్రం 640 కోట్ల రూపాయల మేర కోరుతూ జాతీయ కమిషన్‌కు వెళ్లింది. ఎనిమిదేళ్లకు పైగా నలిగిన ఆ కేసును కమిషన్ 2024 ఏప్రిల్‌లో కొట్టివేసింది. అంతకుముందే, 2015 ఆగస్టులో, మ్యాగీపై విధించిన నిషేధాన్ని రద్దు చేస్తూ బొంబాయి హైకోర్టు ఆ పరీక్షలు గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో జరగలేదని ఎత్తిచూపింది. రుజువును సక్రమంగా సేకరించలేకపోతే ప్రభుత్వానికైనా ఇదే గతి.

2025 శరత్కాలంలో దేశం అంతకంటే పెద్ద విషాదాన్ని చూసింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ దగ్గు మందు తాగిన ఇరవై మందికి పైగా చిన్నారులు చనిపోయారు. తమిళనాడు ప్రయోగశాల ఆ బ్యాచ్‌లో 48.6 శాతం డైఇథలీన్ గ్లైకాల్ ఉన్నట్టు తేల్చింది. నిషేధాలు వచ్చాయి, తెలంగాణ కూడా హెచ్చరిక జారీ చేసింది, కంపెనీ యజమాని అరెస్టయ్యాడు, లైసెన్సు రద్దయింది. బాధిత కుటుంబాలకు మధ్యప్రదేశ్ ప్రభుత్వం 4 లక్షల చొప్పున సాయం ప్రకటించింది. సాయం పాలకుడి దయ. వేదిక మీద ఇవ్వవచ్చు, ఫొటో దిగవచ్చు. పరిహారం తప్పు చేసినవాడి జేబులోంచి రావలసిన సొమ్ము. మొదటిది ఇచ్చినప్పుడల్లా రెండోదాని ఊసు మరుగున పడుతోంది. కల్తీ మందుతో ప్రాణం తీసిన నేరస్థుడి నుంచి వసూలు చేసే జరిమానాను సైతం బాధితులకే పరిహారంగా ఇవ్వాలని ఔషధ చట్టం అంటుంది.

యానాంలోని తెలుగువారూ పుదుచ్చేరి పాలనలోనివారే. కనుక ఇది పొరుగువారి ముచ్చటగా వదిలేయదగినది కాదు. అమరావతి, హైదరాబాద్, పుదుచ్చేరి ప్రభుత్వాలు చేయగలిగినది పెద్ద ఖర్చుతో కూడినదీ కాదు. వస్తువుల వల్ల పిల్లలకు గాయాలైనప్పుడు ఆసుపత్రి ఆ వస్తువు వివరం నమోదు చేయాలి; అధికారి వచ్చి దానిని సీలు వేసి గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలి; హాని రుజువైతే నిషేధపు ఉత్తర్వుతో పాటే పిల్లల పేరిట ఫిర్యాదూ దాఖలు చేయాలి. నిషేధించడానికి ఒక సంతకం చాలు. కిరుమాంబాక్కంలోని ఆ తండ్రి పక్కన కమిషన్ ముందు నిలబడటానికి కావలసినది రాజకీయ సంకల్పం. వచ్చే ఎన్నికల్లో ఓటు అడగవచ్చిన వారిని ఎవరైనా ఈ ఒక్క ప్రశ్న అడగాలి: 35వ సెక్షన్ కింద మీ ప్రభుత్వం ఎంతమంది పిల్లల కోసం కేసు వేసింది?