ఆడా మగా అని అడిగే యంత్రం

టెస్టోస్టిరాన్ మొదలుపెట్టేముందు బరువు చూసుకోమని ఎవరైనా చెప్తారు. కానీ బరువులో తెలిసేది తక్కువ. ఆడపిల్లగా పుట్టి పెరిగిన శరీరం మీద ఈ హార్మోన్ పనిచేస్తే మొదటి ఏడాదిలో కండ పెరుగుతుంది, కొవ్వు కొంత తగ్గొచ్చు, ఉన్నది తుంటి దగ్గర తగ్గి నడుము వైపు సర్దుకుంటుంది. పెరిగిందీ తగ్గిందీ చెల్లుకి చెల్లు అయిపోయి, కాటా మీద అంకె దాదాపు అక్కడే ఉండిపోవచ్చు. అందుకని మొదటి ఇంజెక్షన్‌కి ముందే కొవ్వెంత, కండెంత అని విడిగా రాసిపెట్టుకోవాలనుకున్నాను. డాక్టరు ఇదేమీ తప్పనిసరి అనలేదు. ఆవిడకి కావాల్సినవి రక్తపరీక్షలు, ముఖ్యంగా హెమటోక్రిట్. ఈ మందుతో ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడొచ్చు కాబట్టి. కొలత నా పట్టుదల మాత్రమే. పదేళ్ళుగా కోడు రాస్తున్నవాణ్ణి, పాత వెర్షన్ దాచుకోకుండా దేన్నీ ముట్టుకోలేను.

బీఎమ్ఐ ఈ పనికి రాదు. 1832లో క్వెట్లెట్ అనే బెల్జియం ఖగోళశాస్త్రవేత్త జనాభా లెక్కల కోసం చెప్పిన సూత్రం అది. 1972లో ఆన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. 2004లో లాన్సెట్‌లో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టరు యాజ్ఞిక్, ఇంగ్లండు డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎమ్ఐ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. మనవాళ్ళ పొట్టల మీద ఇంతకన్నా మంచి వ్యాసం నేను చదవలేదు.

డెక్సా స్కాన్ అయితే రెండు శక్తుల ఎక్స్‌రేలతో ఎముకనీ కొవ్వునీ కండనీ వేరుచేస్తుంది. నాకు దగ్గర్లో దొరికింది నంద్యాలలో ఒక జిమ్ములోని యంత్రం. రేకుల మీద ఉత్తకాళ్ళతో నిలబడి పిడులు పట్టుకోవాలి. ఒంట్లోకి తెలియనంత కరెంటు పోతుంది. నీళ్ళున్న కండలో తేలిగ్గా పోతుంది, కొవ్వులో పోదు. పొద్దున్నే పరగడుపున వెళ్ళాను, నెలసరి ముందు నీరు పట్టే రోజులు కాకుండా చూసుకుని.

యంత్రం ముందు ఎత్తు అడిగింది, వయసు అడిగింది, తర్వాత ఆడా మగా అంది. జిమ్ము కుర్రాడి వేలు తెర మీద ఆగిపోయింది.

"ఏది పెట్టమంటావు?" అన్నాడు, నా మొహం చూడకుండా.

"రెండూ తీద్దాం."

"తీద్దాంలే అన్నా, కాగితమే గదా."

ఒకే ఒళ్ళు, అయిదు నిమిషాల తేడా. ఆడ బటన్‌కి కొవ్వు 31.6 శాతం, మగ బటన్‌కి 24.1. ఆశ్చర్యం లేదు, ఇలాంటి యంత్రాలు చాలావాటికి కొవ్వు కనపడదు. కరెంటుకి ఎంత అడ్డు తగిలిందో కొలిచి, మిగతాది మనమిచ్చిన వివరాలతో సూత్రంలో వేసి అంచనా కడతాయి. ఆ సూత్రాల్లో నాలాంటి వాళ్ళకి వరస లేదు. ఏడాది తర్వాత బటన్ మార్చి చూసుకుంటే మందు చెయ్యని పని కూడా మందు ఖాతాలో పడుతుంది. కాబట్టి ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే నొక్కాలి. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఓమ్స్ ఉన్నాయి. వాటిని నోట్‌బుక్కులో పెద్దగా రాసుకున్నాను. ఆ అంకెకి ఆడామగా లేదు.

మా ఊరు ఆళ్ళగడ్డ. అక్కడ రోడ్డు పక్కనే శిల్పుల షెడ్లు. చిన్నప్పుడు మా వీధి శిల్పి మామ చెప్పేవాడు: రాయి ఎత్తుని విష్ణువుకైతే 124 భాగాలు చెయ్యాలి, అది ఉత్తమ దశతాళం. లక్ష్మికైతే 120, మధ్యమ దశతాళం. ఒక్కో భాగం ఒక అంగుళం. ఎవర్ని చెక్కుతున్నామో తేలకుండా రాయి మీద గీత పడదు. జిమ్ము యంత్రం తయారుచేసినవాళ్ళు ఈ శాస్త్రం చదివుండరు గానీ పద్ధతి అదే. తేడా ఏమిటంటే మామ చేతిలోది ఇంకా ఏమీ కాని రాయి.

అమ్మ నా గురించి పక్కింటివాళ్ళతో "వచ్చింది" అంటుంది. నాతో "వచ్చినావా" అంటుంది. రెండో మాటలో లింగం లేదు కాబట్టి మేమిద్దరం ఇన్నేళ్ళూ గొడవ లేకుండా మాట్లాడుకోగలిగాం. రెండు కాగితాలూ ఆమెకి చూపించాను. అంకెలు పట్టించుకోలేదు.

"సూది మానేస్తే ఇదంతా మళ్ళా మామూలైతాదా?"

"కండా కొవ్వూ చాలావరకు వెనక్కొస్తాయి. గొంతు రాదు. గడ్డమూ అంతే."

చాలాసేపు చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి నా చేతికిచ్చింది.

"దీంట్లో మాట్లాడు. దాచిపెట్టుకుంటా."

"ఏం మాట్లాడమంటావు?"

"దినామూ అడిగేదే."

తిన్నావామ్మా, మాత్రలేసుకున్నావా, నాన్న ఏం చేస్తాన్నాడు అని అడిగాను. 11 సెకన్లు వచ్చింది. ఆ ఫైలు ఆమె ఫోన్లోనే ఉంది. నేను కాపీ అడగలేదు.